మూడో లాగుడు

జూన్ 3, మంగళవారం

లైన్‌మన్ ఆపరేషన్ అయిపోయింది. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. గంటన్నర చాలనుకున్నాను.

పెద్దాయన రిటైరయ్యాక కంటిగూడు కేసు నేనొక్కదాన్నే చేయడం ఇదే మొదలు. పన్నెండేళ్ళు ఆయన పక్కన నిలబడి రెప్పలు లాగి పట్టుకున్నదాన్ని. ఇవాళ నా పక్కన ఇంకొకరు నిలబడ్డారు. పొద్దున చేతులు కడుక్కోవడం అయిపోయినా లోపలికి అడుగు వెయ్యాలనిపించలేదు. ఎవరూ గమనించకూడదని ఇంకో రెండు నిమిషాలు అలాగే కడుక్కుంటూ ఉండిపోయాను.

నిన్న అతని భార్యను కూర్చోబెట్టి అరగంట చెప్పాను. కంటిగుడ్డు ఒక ఎముక గూట్లో ఉంటుందని, ఆ గూటి నేల గుడ్డు పెంకంత పలచన అని. స్తంభం మీద తీగ బిగిస్తుంటే పనిముట్టు పట్టు జారి, దాని పిడి వచ్చి ఎడమ కన్ను మీద కొట్టింది. కన్ను దక్కింది, నేల మాత్రం కుంగింది. కన్నును తిప్పే కండరమూ దాని చుట్టూ ఉన్న కొవ్వూ ఆ పగుల్లోకి జారి ఇరుక్కున్నాయి. అందుకే పైకి చూడమంటే ఆ కన్ను కదలదు, రెండోది కదులుతుంది, ఒక్కటి రెండుగా కనిపిస్తుంది. జారినదాన్ని పైకి తీసి, పగులు మీద సన్నటి లోహపు రేకు పరచాలి. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. అంతా విని, చిరుగు వెనక అతుకు వేసినట్టా అని అడిగింది. సరిగ్గా అంతే అన్నాను. పై గుడ్డ మడతపడి కుట్టులో పడకుండా చూసుకోవాలని నాకే జాగ్రత్త చెప్పింది. నవ్వాను.

రేకు మూడుసార్లు పెట్టి తీశాను. వెనక అంచు ఆనే చోటు చాలా లోపల ఉంటుంది. సరిగ్గా కనబడదు, చేతికి తెలియాల్సిందే. నాలుగోసారికి కూర్చుంది.

లాగి చూడటం మూడుసార్లు జరగాలన్నది పెద్దాయన పెట్టిన నియమం. కోసే ముందు ఒకసారి, ఇరుక్కున్నది బయటికి తీశాక ఒకసారి, రేకు పెట్టాక ఒకసారి. సన్నటి పట్టకారుతో తెల్లగుడ్డు అంచు పట్టుకుని పైకి తిప్పితే కన్ను అడ్డు లేకుండా తిరగాలి. మొదటిసారి ససేమిరా కదల్లేదు. రెండోసారి హాయిగా తిరిగింది. మూడోసారి లాగబోతుంటే నాడి నలభైకి పడిపోయింది. కంటి కండరాన్ని లాగితే కొందరికి గుండె నెమ్మదిస్తుంది. మత్తు డాక్టరు వదిలెయ్యమన్నాడు. వదిలేశాను. ప్రాణం కంటే కన్ను ఎక్కువ కాదు కదా.

కేసు షీటులో "మూడుసార్లు లాగి చూశాను, అడ్డు లేదు" అని రాశాను. గంట గంటకూ చూపు పరీక్షించమని సిస్టర్‌కు చెప్పి వచ్చాను.

జూన్ 4, బుధవారం

చూపు బాగుంది. వాపు బాగా ఉంది. పైకి చూడమంటే చూడలేకపోయాడు. వాపే.

జూన్ 5, గురువారం

కట్టు తీశాం. ఎన్ని వేళ్ళు అంటే సరిగ్గానే చెప్పాడు. పైకి చూడమంటే మాత్రం, "ఇద్దరు డాక్టరమ్మలున్నారు. ఒకరు సీరియస్‌గా ఉన్నారు, పైనున్న ఆవిడ కూడా సీరియస్‌గానే ఉంది" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ అది అతికించుకున్న నవ్వని నాకే తెలిసింది.

మనిషి మాటకారి. పదిహేడేళ్ళుగా స్తంభాలెక్కుతున్నాడట. భయం వెయ్యదా అని సిస్టర్ అడిగితే, పైనుంటే ఎవరూ పిలవరనీ, కిందివాళ్ళు అరిచినా సగమే వినబడుతుందనీ, అంత సుఖం ఇంకెక్కడా లేదనీ చెప్పాడు. కన్ను బాగుపడకపోతే సామాన్ల గదిలో కూర్చోబెడతారు. చెయ్యి విరిగిన తన దోస్తును అలాగే కూర్చోబెట్టారట, ఏడాదిలో ముసలివాడైపోయాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

ఇంటికి పంపించాను. ముక్కు చీదకూడదని భార్యకు రెండుసార్లు చెప్పాను. చీదితే గాలి కంటిగూట్లోకి పోతుంది.

జూన్ 7, శనివారం

రోజంతా ఏ పనీ తిన్నగా సాగలేదు. పాలు పొంగిపోయాయి. అత్తయ్య వచ్చి స్టవ్ ఆపి, నా ముఖంలోకి ఒక నిమిషం చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనలేదంటే నాకు భయం.

వాపు ఈపాటికి సగానికి వచ్చి ఉంటుంది.

జూన్ 10, మంగళవారం

వాపు సగానికి పైగా తగ్గింది. కన్ను పైకి పోవడం మాత్రం తగ్గిన వాపుకు తగ్గట్టు లేదు. కొద్దిగా లేస్తుంది, ఎవరో కింద పట్టుకున్నట్టు ఆగిపోతుంది.

వ్యాయామం రాసిచ్చాను. తల కదపకుండా పైకి చూడాలి, పూటకు ఇరవైసార్లు, రోజుకు నాలుగు పూటలు. కండరం బద్ధకిస్తోంది, దాన్ని లేపాలి అని చెప్పాను. అతను శ్రద్ధగా విని, బడిపిల్లాడిలా చెప్పినదంతా నాకే తిరిగి అప్పజెప్పాడు.

కండరం బద్ధకం అన్న మాట నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు.

జూన్ 13, శుక్రవారం

క్యాంటీన్‌లో మత్తు డాక్టరు నా ఎదురుగా కూర్చున్నాడు. కాలేజీ రోజుల నుంచీ మిత్రుడు, నా టీ సగం తాగడం అతని హక్కు. లైన్‌మన్ ఎలా ఉన్నాడని అడిగాడు. వాపు తగ్గుతోందని చెప్పాను. ఆ రోజు భలే భయపెట్టాడు, మందు ఎక్కించగానే మళ్ళీ దారికొచ్చాడులే అన్నాడు. నేను వాళ్ళబ్బాయి పరీక్షల సంగతి ఎత్తాను. అతను ఉత్సాహంగా అటు మళ్ళాడు.

టీ మొత్తం అతనే తాగాడు.

జూన్ 14, శనివారం

వాపు పది రోజులుంటుంది. పద్నాలుగు అని కూడా రాశారు. ఒకచోట మూడు వారాలు అని ఉంది.

జూన్ 17, మంగళవారం

బాగయింది.

పైకి చూసి ఎన్ని కనిపిస్తున్నాయో చెప్పమంటే, "ఒకటే డాక్టరమ్మా. నిక్షేపంలా ఉంది" అన్నాడు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ ఒకటే అన్నాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. పక్కన అతని భార్య నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆవిడ తీరే అంత.

శుక్రవారం వచ్చి ఫిట్‌నెస్ కాగితం పట్టుకుపొమ్మన్నాను. సోమవారం డ్యూటీలో చేరతానన్నాడు. నా చేతులు రెండూ కలిపి కళ్ళకద్దుకున్నాడు. నాకు అది నచ్చదు, అయినా వద్దనలేదు.

చూసేటప్పుడు గడ్డం కొద్దిగా పైకెత్తాడు. కొద్దిగానే. అలాంటప్పుడు ఒక చేత్తో గడ్డం కదలకుండా పట్టుకోవాలి, కన్ను మాత్రమే కదలాలి. నా ఒక చేతిలో టార్చి ఉంది.

జూన్ 18, బుధవారం

రెండు చేతులుంటాయి మనిషికి.

ఇది రాద్దామని డైరీ తియ్యలేదు. అత్తయ్య మాట రాద్దామని తీశాను. ఆవిడకు పది రోజులుగా మోకాలు నొప్పి. నేనే మందు ఇచ్చాను. ఇవాళ సాయంత్రం ఆవిడ కూరగాయలు తరుగుతుంటే, నొప్పి తగ్గింది కదా అత్తయ్యా అన్నాను. తగ్గిందంది. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేచింది. తగ్గిందన్నావు కదా అంటే కత్తి పక్కన పెట్టి చెప్పింది:

"నువ్వు అడిగిన తీరు చూడు అమ్మాయ్. తగ్గలేదంటే ఏడ్చేసేలా ఉన్నావు. నా మోకాలి కోసం నిన్ను ఏడిపించడం ఎందుకని తగ్గిందన్నాను."

ఆవిడకు నోటి దురుసు ఎక్కువ. మావారు వినీ విననట్టు పేపరు వెనక దాక్కున్నారు.

నేను నిన్న లైన్‌మన్‌ను రెండుసార్లు ఎందుకు అడిగాను? ఒకటే అన్నవాణ్ణి రెండోసారి అడగాల్సిన పనేముంది?

జూన్ 19, గురువారం

ఓపీ సగంలో ఉండగా అతని భార్య ఒక్కతే వచ్చింది. ఫిట్‌నెస్ కాగితానికి ఆధార్ ఏమైనా కావాలా అని అడిగే నెపంతో. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి, చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ విప్పుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. ఎత్తున తీగ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఆయన ఎడమ కన్ను మూసుకుంటాడట. అటక మీది డబ్బా అందుకోబోయి పక్కనున్న గోడను పట్టుకున్నాడట. పొద్దున అద్దం ముందు నిలబడి గడ్డం ఎంత ఎత్తితే ఎవరికీ తెలియకుండా ఒకటిగా కనిపిస్తుందో చూసుకుంటాడట. ఆవిడ చేత వేలు పట్టించి సాధన చేశాడట. నా దగ్గర పరీక్ష ఉందని.

బయట తర్వాతి మనిషి తలుపు తట్టాడు.

"మీరు సంతకం పెడితే సోమవారం ఎక్కుతాడమ్మా. ఒక తీగలో కరెంటు ఆపినా పై తీగలో ఉంటుందట. ఆయనకు ఏది పైదో, ఏది కిందిదో ఎలా తెలుస్తుంది?" అంది.

తను చెప్పినట్టు ఆయనకు తెలియనివ్వొద్దంది. వెళ్ళిపోయింది. తర్వాత ముప్పై ఒక్క మందిని చూశాను. ఒక్కరి ముఖం కూడా గుర్తులేదు.

జూన్ 20, శుక్రవారం

ముందు మూడో తారీఖు సంగతి రాయాలి. అది రాయకుండా మిగతాది రాస్తే మళ్ళీ కేసు షీటే అవుతుంది.

నాడి నలభైకి పడింది నిజం. వదిలెయ్యమన్నాడు, వదిలేశాను, అదీ నిజం. మందు ఎక్కించాడు. నిమిషం తిరగకుండా డెబ్బై రెండుకు వచ్చింది. మత్తు డాక్టరు నా వైపు చూసి, "ఇక చూసుకో, లాగు" అన్నాడు. నేను అక్కర్లేదన్నాను. అందరూ విన్నారు. ఎవరికీ అందులో తప్పు కనబడలేదు, ఎందుకంటే నేను చాలా ధీమాగా అన్నాను.

ఎందుకన్నాను? వదిలే ముందు ఆ అరక్షణం నా చేతికి ఏదో తగిలింది. కన్ను తిరుగుతూ తిరుగుతూ ఒకచోట చిన్నగా పట్టింది. మళ్ళీ లాగితే మళ్ళీ పడుతుందని నాకు తెలుసు. పడితే రేకు తీసి ఐదోసారి పెట్టాలి. అప్పటికే మూడుసార్లు పెట్టి తీసిన రేకు, రెండు గంటలైపోయింది, పక్కన నిలబడ్డ జూనియర్ డాక్టరు గోడ గడియారం వైపు చూసింది. పెద్దాయనైతే ఒక్కసారితో పెట్టేసేవారని అందరూ అనుకుంటారనుకున్నాను. ఎవరూ అలా అనుకోలేదేమో. నేను అనుకున్నాను.

లాగకుండా "అడ్డు లేదు" అని రాశాను. అదీ సంగతి.

ఇవాళ లైన్‌మన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కాగితం కోసం. ఈసారి గడ్డం పట్టుకున్నాను. వేలు పైకి కదుపుతుంటే అతని గడ్డం నా చేతిని పైకి తోసింది, నేను వదల్లేదు. కన్ను మూడో వంతు లేచి ఆగిపోయింది. ఎన్ని అని అడగలేదు. అతనూ చెప్పలేదు.

స్కాన్‌కు పంపాను. ఏదో మామూలు పరీక్ష అన్నాను. సాయంత్రం బొమ్మ వచ్చింది. రేకు వెనక అంచు ఆనాల్సిన గట్టు మీద లేదు, దానికి కొద్దిగా కిందికి జారి ఉంది. ఆ సందులో కండరం నలిగి ఉంది. గుడ్డ మడతపడి కుట్టులో పడకుండా చూసుకోమని ఆవిడ నాకు ముందే చెప్పింది.

కాగితం మీద సంతకం పెట్టలేదు. సోమవారం రమ్మన్నాను. అతని ముఖం పాలిపోయింది.

జూన్ 21, శనివారం

పొద్దున్నే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. తోటలో కుండీలకు నీళ్ళు పోస్తున్నారు. నీళ్ళ డబ్బా రెండు చేతులతో పట్టుకున్నారు, అయినా డబ్బా మూతి దగ్గర నీటిధార వణుకుతోంది. ఆ వణుకు మొదలైన రోజే ఆయన రిటైర్మెంట్ కాగితం ఇచ్చేశారు.

స్కాన్ వెలుతురుకు పట్టి చూశారు. నేను జరిగినదంతా చెప్పాను, అక్కర్లేదన్న మాటతో సహా. ఆయన తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా దగ్గరికెందుకు వచ్చావమ్మాయ్? ఇది నా కన్ను కాదు. అతనికి చెప్పావా?"

ఇంకా లేదన్నాను. మళ్ళీ ఎవరు చెయ్యాలని అడిగాను. తన చేతులు చూపించారు. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఇంకో ఆస్పత్రి ఉంది, అక్కడ చేసేవాళ్ళున్నారు. ఇక్కడైతే నేను. ఎవరు చెయ్యాలన్నది నువ్వూ నేనూ తేల్చేది కాదు, అతను తేల్చాలి అన్నారు. ఆలస్యం చేస్తే కండరం ఆ నలిగిన చోటే గట్టిపడి అతుక్కుపోతుంది, నెల దాటనివ్వొద్దు అన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసే పద్దెనిమిది రోజులు వాపు వాపు అంటూ కూర్చున్నాను.

అక్కడి నుంచి సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళి రాసిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, ఇది నీ ఫైల్లో ఉండిపోతుంది తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. రోగి ఒప్పుకుంటే, పెద్దాయన ఆపరేషన్ గదిలో ఉంటేనే నన్ను చెయ్యనిస్తానన్నారు.

జూన్ 22, ఆదివారం

రేపు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. చించేశాను. మళ్ళీ రాసుకున్నాను. అందులో "కొన్ని సందర్భాల్లో" అన్న మాట మూడుసార్లు వచ్చింది. అదీ చించేశాను.

జూన్ 23, సోమవారం

ఇద్దరూ వచ్చారు. తలుపు వేయించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. రేకు సరిగ్గా కూర్చోలేదు, కండరం దాని కింద నలిగింది, ఆ రోజు ఇంకోసారి లాగి చూసి ఉంటే అప్పుడే తెలిసేది, నేను చూడలేదు, చూశానని రాశాను. ఇది నా తప్పు. సందర్భాలేమీ కలపలేదు.

లైన్‌మన్ కోప్పడతాడని ఎదురుచూశాను. అతను తన అరచేతుల్లోకి చూసుకుంటూ ఉన్నాడు.

"అంటే కండరం బద్ధకం కాదా అమ్మా?" అన్నాడు.

కాదన్నాను.

"మీరు ఇరవైసార్లు చెప్పారు. నేను పూటకు వందసార్లు చేశాను. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా చేశాను. నేనే సరిగ్గా చెయ్యట్లేదనుకున్నా. మీరింత కష్టపడి చేస్తే, నా చేతగానితనం వల్ల పాడవుతోందని, మీకు చెప్పడానికి ముఖం చెల్లక ఒకటే కనిపిస్తోందని చెప్పా."

నేను ఏడ్చాను. రోగి ముందు ఏడవకూడదు. పన్నెండేళ్ళలో ఎప్పుడూ ఏడవలేదు. అతను గాభరాపడి నీళ్ళ సీసా మూత తీసి నాకు ఇచ్చాడు. అతని భార్య కదల్లేదు.

కాసేపటికి నాలుగు గంటల దూరంలోని ఆస్పత్రి సంగతి చెప్పాను. అక్కడికి ఉత్తరం రాసిస్తాను, జరిగింది జరిగినట్టు అందులో రాస్తాను, వాళ్ళు చేస్తారు. లేదంటే మా పెద్దాయన పక్కనుండగా నేను చేస్తాను. బాగవుతుందా అని అడిగాడు. చాలావరకు అవుతుందని, పూర్తిగా అవుతుందని చెప్పలేనని, స్తంభం ఎక్కే సంగతి మూడు నెలల తర్వాత గానీ తేలదని చెప్పాను. ఇన్నాళ్ళూ ఈ మాటలన్నీ ఎంత తేలిగ్గా దాటవేశానో అప్పుడు తెలిసింది.

వాళ్ళిద్దరూ బయట బెంచీ మీద కూర్చుని మాట్లాడుకున్నారు. అద్దం తలుపులోంచి ఆవిడ తల అడ్డంగా ఊపడం కనిపించింది. నలభై నిమిషాల తర్వాత లోపలికొచ్చారు.

"మీరే చెయ్యండి. కానీ ఒక షరతు. లోపల ఏం జరిగిందో ఆ పూటే నాకు చెప్పాలి. మంచైనా చెడైనా" అన్నాడు.

ఒప్పుకున్నాను. అప్పుడు ఆవిడ మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"నాకైతే మీ మీద నమ్మకం లేదమ్మా. ఆయనకుంది. అందుకని ఊరుకుంటున్నా."

సరేనన్నాను. ఆ మాట అనడానికి ఆవిడకు హక్కుంది.

జూన్ 25, బుధవారం

చేశాను.

పెద్దాయన గదిలో మూల స్టూలు మీద కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. పాత కోత తెరిచి రేకు తీసేసరికి కండరం కింద అంచు గోరింటాకు రంగులో కందిపోయి ఉంది. ఒక పక్క అప్పుడే అతుక్కోవడం మొదలైంది. విడదీయడానికి ముప్పావు గంట పట్టింది. దానికి కారణం వాపు కాదు.

కొత్త రేకు గట్టు మీద పెట్టాను. లాగాను. నాడి పడిపోయింది. వదిలాను. మందు ఎక్కించారు. నాడి అరవై ఎనిమిదికి వచ్చేదాకా పట్టకారు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. మళ్ళీ లాగాను. చివరిదాకా తిరిగింది. ఇంకోసారి లాగాను. కుడి కన్నునూ లాగి రెండూ సమానంగా తిరుగుతున్నాయో లేదో చూసుకున్నాను. సమానం కాదు. ఎడమది చివర్లో వెంట్రుకవాసి బరువుగా ఉంది. కండరం దెబ్బతిన్న బరువది, రేకుది కాదు. అదే రాశాను. జూన్ మూడు నాటి కాగితం మీద గీత గీసి, పక్కన ఇవాళ్టి తేదీ వేసి, ఆ రోజు మూడోసారి లాగి చూడలేదని కూడా రాశాను.

సాయంత్రం అతనికి మెలకువ రాగానే చెప్పాను. కండరం కొంత పాడైందని కూడా చెప్పాను. మత్తులో ఉండి సగమే విన్నట్టున్నాడు. భార్య మొత్తం విన్నది. రేపు మళ్ళీ ఆయనకు చెప్పమంది.

జూన్ 26, గురువారం

మళ్ళీ చెప్పాను. చూపు బాగుంది. వాపు ఉంది. ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది, కానీ నిజంగానే ఉంది.

కాళ్ళు తిమ్మిరెక్కే దాకా అతని మంచం పక్కనే నిలబడ్డాను. పని ఏమీ లేదు.

జూన్ 27, శుక్రవారం

కట్టు తీశాం. అతని గడ్డం పట్టుకుని, వేలు పైకెత్తాను. ఎన్ని అని అడగబోయి ఆగాను. ఎలా అడగాలో తెలియలేదు. ఏ మాట వాడినా, నాకేం కావాలో ఆ మాటలోనే అతనికి తెలిసిపోతుందనిపించింది. చివరికి, మీకు ఏం కనిపిస్తోందో చెప్పండి అన్నాను.

అతను చాలాసేపు చూశాడు. గడ్డం నా చేతిని తోయలేదు.

"నిజం చెప్పమంటారా, మీకు నిద్రపట్టే మాట చెప్పమంటారా?"

నిజం అన్నాను.

"రెండున్నాయమ్మా."

పక్కన అతని భార్య చెయ్యి మంచం కమ్మీని గట్టిగా పట్టుకుంది. నా చెయ్యి అతని గడ్డం మీదే ఉంది. తియ్యలేదు.

"మొన్నటిదాకా రెంటి మధ్యలో ఇంకో స్తంభం పట్టేంత ఎడం ఉండేది. ఇప్పుడు వేలెడు కూడా లేదు. కానీ రెండే. ఒకటని మాత్రం చెప్పను."

రెండు అని రాసుకున్నాను.